దానం అన్న మాటతో విప్పుకున్న రాళ్లు: జేమ్స్ ప్రిన్సెప్ జీవితం



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఉండే మీకు అలంపురం కొత్త కాదు. సెలవు రోజున పిల్లల్ని తీసుకుని జోగులాంబ అమ్మవారి దర్శనం చేసుకుంటారు, నవబ్రహ్మ ఆలయాలు చుట్టి వస్తారు. అక్కడ ఏదో ఒక రాతి దగ్గర పిల్లలు ఆగి, దాని మీద గీసిన అక్షరాలను వేలితో తడుముతూ ఇక్కడ ఏం రాసి ఉందని మిమ్మల్ని అడిగే ఉంటారు. మనలో చాలామందిమి పాతకాలం రాత అని చెప్పి, ఒక ఫోటో తీసుకుని ముందుకు నడుస్తాం.

అందులో తప్పేమీ లేదు. ఒకప్పుడు దేశం మొత్తం అదే స్థితిలో ఉండేది. ఢిల్లీలో, అలహాబాదులో, బీహారులో ఆకాశాన్ని అంటుతున్నట్టు రాతి స్తంభాలు ఉండేవి. వాటి నిండా అక్షరాలు ఉండేవి. చదవగలిగిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. ఎవరు చెక్కించారో, ఎందుకు చెక్కించారో, అది ఏ భాషో కూడా తెలియదు. ఆ తాళం తీసిన మనిషి జేమ్స్ ప్రిన్సెప్. ఈ నెల ఆయన కథ చదవండి. రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలకు చెప్పండి.

కళ్లు దెబ్బతిన్న కుర్రవాడు

ప్రిన్సెప్ 1799 ఆగస్టు 20న ఇంగ్లండులో పుట్టాడు. పెద్ద కుటుంబం. తండ్రి జాన్ ప్రిన్సెప్‌కు ఆయన ఏడో కొడుకు, పదో సంతానం. తండ్రి అంతకుముందే భారతదేశానికి వచ్చి నీలిమందు వ్యాపారం చేసి తిరిగి వెళ్లినవాడు.

చిన్నప్పటి నుంచీ జేమ్స్‌కు బొమ్మలు గీయడం ఇష్టం. సన్నని వివరాలు కూడా వదలకుండా గీసేవాడు. చిన్న చిన్న యంత్రాలు సొంతంగా తయారు చేసేవాడు. అందుకే భవన నిర్మాణ కళ నేర్చుకోవడానికి చేరాడు. ఇంతలో కళ్లకు జబ్బు చేసింది. చూపు తగ్గింది. రోజంతా సన్నని గీతలు గీసే ఆ వృత్తి కుదరదని తేలిపోయింది. పిల్లవాడు ఎంచుకున్న దారి మధ్యలోనే మూసుకుపోతే ఇంట్లో ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

తండ్రి వేరే దారి వెతికాడు. కొడుకును రసాయన శాస్త్రం చదివించి, లండన్ టంకశాలలో లోహాలను పరీక్షించే పని నేర్పించాడు. మన కంసాలులు గీటురాయి మీద బంగారం వన్నె చూస్తారు కదా, ఆ పనే ఇంకా శాస్త్రీయంగా చేయడం అన్నమాట. వెండిలో ఎంత వెండి ఉంది, ఎంత కల్తీ ఉంది అని తేల్చాలి. ఆ పని మీదే 1819 సెప్టెంబరులో, ఇరవై ఏళ్ల వయసులో, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కలకత్తాలో దిగాడు.

కాశీలో పదేళ్లు

మరుసటి సంవత్సరమే ఆయన్ను కాశీ టంకశాలకు పంపారు. 1830 వరకు అక్కడే ఉన్నాడు. ఆ పదేళ్లలో ఆయన చేసిన పనుల్లో ఎక్కువ భాగం ఉద్యోగంలో లేనివే. కాశీ నగరానికి పటం గీశాడు. జనాభా లెక్క తీశాడు. ఊళ్లో మురుగు నిలిచిపోయి జనం జబ్బుపడుతుంటే భూమి కింద సొరంగం కట్టించి ఆ నీటిని బయటికి పంపించాడు. ఔరంగజేబు కాలపు మసీదు మీనార్లు కూలిపోయేలా ఉంటే వాటిని బాగు చేయించాడు. కర్మనాశ నది మీద వంతెన కట్టించాడు. కాశీ ఘాట్లను, పండుగలను బొమ్మలుగా గీసి పుస్తకంగా ప్రచురించాడు. చూపు చాలదని వదులుకున్న నిర్మాణ కళ ఇలా మరో రూపంలో ఆయన చేతికి తిరిగి వచ్చింది.

టంకశాల పనిలోనూ అంతే శ్రద్ధ. సుమారు 0.19 మిల్లీగ్రాముల తేడాను కూడా పట్టుకునే త్రాసు ఒకటి తయారు చేశాడు. బియ్యపు గింజ బరువులో అది దాదాపు వందో వంతు. ఇంత చిన్న తేడాను కూడా వదలని ఆ అలవాటే తరువాత రాళ్ల దగ్గర ఆయనకు అక్కరకు వచ్చింది.

కాశీ టంకశాల మూతపడ్డాక ఆయన కలకత్తాకు తిరిగి వచ్చాడు. 1832లో అక్కడి టంకశాలలో లోహ పరీక్షల ప్రధానాధికారి అయ్యాడు. ఆ ఏడాదే ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి బాధ్యత కూడా తీసుకున్నాడు. ఆ సంస్థ తరఫున ఒక పత్రిక మొదలుపెట్టి, దేశంలో ఎవరికి పాత నాణెం దొరికినా, రాతి మీద రాత కనిపించినా నకలు తీసి పంపమని కోరాడు. సైనిక ఇంజనీర్ల నుంచి, సర్వేయర్ల నుంచి, మత బోధకుల నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది.

సుల్తాను కూడా చదివించలేకపోయిన స్తంభం

ఢిల్లీలోని ఫిరోజ్‌షా కోట్లలో ఒక ఎత్తయిన స్తంభం ఉంది. అది మొదట ఢిల్లీది కాదు. 14వ శతాబ్దంలో సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్ దాన్ని తోప్రా అనే ఊరి నుంచి తెప్పించాడు. దాన్ని బూరుగు దూది పరుపుల మీదికి మెల్లగా ఒరిగించి, రెల్లుతోను పచ్చి తోళ్లతోను చుట్టి, 42 చక్రాల బండి మీదికి ఎక్కించి యమున ఒడ్డుకు లాగించి, అక్కడి నుంచి పడవల మీద తెచ్చారు. అంత కష్టపడి తెచ్చాక పండితులను పిలిపించి చదవమన్నాడు. ఎవరివల్లా కాలేదు.

తరువాత వచ్చిన యూరోపియన్లు కొందరు ఆ అక్షరాలు గ్రీకువేమో, అలెగ్జాండర్ వదిలి వెళ్లిన గుర్తేమో అనుకున్నారు. అసలు సంగతేమిటంటే అది మన దేశపు లిపే. మనం ఈనాడు రాసే తెలుగు అక్షరాలకు ముత్తాత లాంటి బ్రాహ్మి లిపి. వందల ఏళ్లలో అక్షరాలు కొద్దికొద్దిగా వంపులు మారుతూ వచ్చాయి. చివరికి వారసులే పూర్వీకుల చేతిరాతను గుర్తుపట్టలేని స్థితి వచ్చింది.

మొదటి మెట్టు గుణింతం

1834లో అలహాబాదు స్తంభం మీది రాతకు మంచి నకలు ప్రిన్సెప్ చేతికి వచ్చింది. అర్థం ఏమిటా అని తల బద్దలు కొట్టుకోకుండా ఆయన ముందు లెక్క పెట్టాడు. ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చింది, దేని పక్కన వచ్చింది అని పట్టిక వేశాడు. ప్రతి అక్షరానికీ పైన, కింద, పక్కన చిన్న చిన్న గీతలు తగిలించి ఉన్నాయి. అవి ఇష్టం వచ్చినట్టు లేవు. ఒకే రకం ఐదు మార్పులు అన్ని అక్షరాల మీదా వస్తున్నాయి.

మీ ఒకటో తరగతి పాప నోటుపుస్తకం తెరవండి. క, కా, కి, కీ, కు, కూ. ఆయన చూసింది అదే. హల్లుకు అచ్చు గుర్తు అంటిపెట్టుకుని ఉండే పద్ధతి మన గుణింతం పద్ధతి. కాబట్టి ఇది గ్రీకు కాదు, ఇక్కడి లిపే అని ఆయనకు గట్టిగా తోచింది. అయినా ఏ గుర్తు ఏ శబ్దమో ఇంకా తెలియదు. 1836లో లాసెన్ అనే పండితుడు రెండు లిపులున్న ఒక పాత నాణెం సాయంతో కొన్ని అక్షరాలు గుర్తించాడు. అసలు తాళం మాత్రం ఇంకా తెరుచుకోలేదు.

సాంచి నుంచి వచ్చిన కాగితాలు

1837లో కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ అనే ఇంజనీరు సాంచి బౌద్ధ స్తూపం దగ్గరి రాతల నకళ్లు పంపాడు. అవి రాజుల పెద్ద శాసనాలు కావు. స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె స్తంభాల మీద, అడ్డరాళ్ల మీద చెక్కిన చిన్న చిన్న రాతలు. చాలా వాటిలో ఒక్క వరుస మాత్రమే. పెద్ద రహస్యం ఛేదించాలనుకునే వాళ్లు ఇలాంటి ముక్కలను పక్కన పెట్టేస్తారు.

అచ్చు వేయించడానికి ఆ కాగితాలను వరుసగా పేరుస్తుండగా ప్రిన్సెప్‌కు ఒక సంగతి కంటపడింది. దాదాపు అన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయి. రెండో అక్షరం పక్కన ఒక చుక్క ఉంది. రాతలు వేరువేరు, ముగింపు మాత్రం ఒకటే. గుడికి వెళ్లినప్పుడు మీరు మెట్ల మీద, ఫ్యాన్ రెక్కల మీద, బెంచీల మీద ఏం చూస్తారు? ఫలానా ఊరు, ఫలానా వారి కానుక అని ఉంటుంది కదా. ఆయన ఆలోచన కూడా అక్కడికే వెళ్లింది. ఇది స్తూపానికి భక్తులు ఇచ్చిన కానుకల వరుస అయితే, చివరి మాట దానం అయి ఉండాలి.

దాకు దీర్ఘం ఉండాలి, ఉంది. నకు పక్కన సున్న ఉండాలి, ఆ చుక్కే సున్న. దానానికి ముందు మాటిమాటికీ వచ్చే అక్షరం స. పాత నాణేలు చదివిన అనుభవంతో అది మన యొక్క లాంటిదని ఆయనకు తెలుసు. ఫలానావారి దానం అన్న అర్థం సరిగ్గా కుదిరింది. ద, న, స చేతికి వచ్చాయి. వాటి సాయంతో దాతల పేర్లు, పేర్లలోంచి మరిన్ని అక్షరాలు వచ్చాయి. రోజుల్లోనే అక్షరమాల చాలావరకు తేలింది. కొద్ది వారాల్లో ఢిల్లీ స్తంభం చదవడం మొదలైంది.

ఒక్కసారి ఆలోచించండి. చక్రవర్తి స్తంభాన్ని సుల్తాను కొలువులోని పండితులు చదవలేకపోయారు. దాని తాళంచెవి స్తూపానికి ఒక్కొక్క రాయి ఇచ్చుకున్న మామూలు మనుషుల దగ్గర దొరికింది. వాళ్లలో వర్తకులు, చేతిపనివాళ్లు, భిక్షుణులు, ఇల్లాళ్లు ఉన్నారు.

పొరపాటు, దిద్దుబాటు

స్తంభం మీద మాట్లాడుతున్న రాజు తనను దేవతలకు ప్రియమైన ప్రియదర్శిగా చెప్పుకున్నాడు. బాటల పక్కన మర్రిచెట్లు నాటించడం, మామిడితోటలు వేయించడం, బావులు తవ్వించడం, జంతువులను చంపకుండా ఆపడం వంటివి అందులో ఉన్నాయి. ఇంతకీ ఈ ప్రియదర్శి ఎవరు? మన రాజుల జాబితాల్లో ఆ పేరు లేదు. సింహళంలో మాత్రం దేవానాంపియ అన్న బిరుదున్న తిస్స అనే రాజు ఉన్నాడు. ఇది ఆయనే అయి ఉంటాడని ప్రిన్సెప్ మొదట అనుకున్నాడు, అలాగే రాశాడు.

అది పొరపాటు. సింహళంలో ఉద్యోగం చేస్తూ పాలీ గ్రంథాలు చదువుతున్న జార్జ్ టర్నర్ అదే ఏడాది అసలు సంగతి పట్టుకున్నాడు. ప్రియదర్శి అంటే చంద్రగుప్త మౌర్యుడి మనుమడు అశోకుడు. ప్రిన్సెప్ పట్టుదలకు పోలేదు. ఆ సవరణను తన పత్రికలోనే ప్రచురించాడు. చదవడంలో తనకు తోడ్పడిన పండితుల సాయాన్ని కూడా దాచుకోలేదు.

1838లో గుజరాత్‌లోని గిర్నార్, ఒడిశాలోని ధౌలి శాసనాలు కూడా చదివాడు. గిర్నార్ రాతిలో అంతియోకస్, టాలమీ అనే గ్రీకు రాజుల పేర్లు దొరికాయి. వాళ్ల కాలం తెలిసిందే కాబట్టి అశోకుడి కాలం క్రీస్తుపూర్వం 3వ శతాబ్దమని తేలింది. అంతవరకు పురాణాల జాబితాలో ఒక పేరుగా మాత్రమే ఉన్న రాజు చరిత్రలోకి వచ్చాడు. బుద్ధుడి ధర్మం దేశమంతటా ఎలా పాకిందో చెప్పే సాక్ష్యం మన చేతికి వచ్చింది.

విశ్రాంతి లేని మనిషి

ఈ కథలో ఒక బాధాకరమైన భాగం ఉంది. పిల్లలకు అది కూడా చెప్పండి. పగలు టంకశాల, ఆ తరువాత పత్రిక, ఉత్తరాలు, నాణేలు, నకళ్లు, వాతావరణ లెక్కలు. ఇవన్నీ ఆయన ఒక్కడే భుజాన వేసుకున్నాడు. 1838లో తీవ్రమైన తలనొప్పులు మొదలయ్యాయి. ఏడాది చివరికి పనులన్నీ వదిలి ఓడ ఎక్కాల్సి వచ్చింది. లండన్ చేరేసరికి మనసు అదుపు తప్పింది. మళ్లీ కోలుకోలేదు. 1840 ఏప్రిల్ 22న కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు. భార్య హారియెట్, పసికూతురు మిగిలారు. ఇప్పుడు కలకత్తా వెళ్లినవాళ్లు హుగ్లీ ఒడ్డున తెల్లని స్తంభాల ప్రిన్సెప్ ఘాట్ దగ్గర ఫోటోలు దిగుతారు. అది ఆయన జ్ఞాపకార్థం కట్టినదే.

మన నడిగడ్డ పక్కన దొరికిన జవాబు

ప్రియదర్శే అశోకుడని టర్నర్ చెప్పినా, ఒక లోటు ఉండిపోయింది. ఆ మాటకు ఆధారం గ్రంథాల్లోనే ఉంది. అప్పటివరకు దొరికిన ప్రియదర్శి శాసనాల్లో దేనిలోనూ అశోకుడు అన్న పేరు నేరుగా లేదు.

1915లో ఆ పేరు దొరికింది. అదీ మన పక్కనే. నిజాం రాజ్యంలో బంగారు గనుల కోసం వెతుకుతున్న బీడన్ అనే ఇంజనీరుకు మస్కి దగ్గర ఒక గుండు మీద రాత కనిపించింది. అందులో దేవానాంప్రియ బిరుదు పక్కనే అశోకుడి పేరు ఉంది. ప్రిన్సెప్ పోయిన 75 ఏళ్లకు ఆ గుర్తింపు సరైనదేనని రాయి స్వయంగా సాక్ష్యం చెప్పింది.

మస్కి ఈనాడు కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఉంది. కృష్ణా తుంగభద్రల మధ్య నేల అది. మన గద్వాల, అలంపురం కూడా ఆ రెండు నదుల మధ్యనే ఉన్నాయి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా గద్వాల, అలంపురం తాలూకాలు రాయచూరు జిల్లాలోవే. అంటే అశోకుడి శాసనాల్లో ఆయన పేరు మొదటిసారి దొరికిన రాయి, మీ తాతముత్తాతల కాలంలో మీ సొంత జిల్లాలోనే ఉంది.

తుంగభద్ర దాటి కర్నూలు మీదుగా పత్తికొండ, గుత్తి వైపు వెళితే ఎర్రగుడి వస్తుంది. అక్కడి గుండ్ల మీద అశోకుడి 14 పెద్ద శాసనాలు, చిన్న శాసనాలు ఒకేచోట ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, నాగలి చాలు తిరిగినట్టు. అశోకుడి 13వ శాసనంలో ఆంధ్రుల ప్రస్తావన కూడా ఉంది.

ఇక కృష్ణ వెంట దిగువకు రండి. నాగర్‌కర్నూల్ జిల్లా అడవులు దాటి, శ్రీశైలం దాటితే నాగార్జునకొండ వస్తుంది. ఇక్ష్వాకుల కాలంలో అక్కడ మహాచైత్యానికి నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు నిలిపారు. బుద్ధుడి జననం, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి బోధ, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి గుర్తులు. వాటి మీది శాసనాల్లో శ్రీ శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ పేరు ఉంది. ఇంకా కిందికి వెళితే అమరావతి. అక్కడ విధికుడు అనే చర్మకారుడు కుటుంబంతో కలిసి ఇచ్చిన రాతి పలక మీద అతని పేరు నేటికీ ఉంది. రాజు సోదరి పేరైనా, చర్మకారుడి పేరైనా మనం ఈరోజు చదవగలుగుతున్నామంటే, ఆనాడు కలకత్తాలో ఒక మనిషి రెండు అక్షరాల దగ్గర ఆగి చూసినందువల్లే.

ఈ నెల ఇంట్లో చేయండి

ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో చిన్న కాగితం తీసుకోండి. అమ్మ పుస్తకం, తాతయ్య పుస్తకం, చెల్లి పుస్తకం అంటూ ఐదారు మాటలు రాయండి. తెలుగు అక్షరాలకు బదులు మీరే కల్పించిన గుర్తులు వాడండి. గుణింతం గుర్తులు మాత్రం అన్నిటికీ ఒకేలా పెట్టండి. కాగితాలన్నీ ఒకచోట పేర్చి పిల్లల చేతికి ఇవ్వండి. చివర్లో మళ్లీ మళ్లీ వచ్చేది ఏమిటో వాళ్లనే కనిపెట్టనివ్వండి. తొందరపెట్టకండి. తప్పు చెబితే ఎందుకలా అనుకున్నారో అడిగి, మళ్లీ చూడమనండి.

ఈసారి అలంపురం వెళ్లినప్పుడు శాసనం దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. తెలిసిన అక్షరం ఒక్కటైనా కనిపిస్తుందేమో పిల్లలతో కలిసి వెతకండి. మీ ఊరి చెరువు కట్ట మీదో, పొలం గట్టు మీదో, పాత గుడి ముందో రాత ఉన్న రాయి కనిపిస్తే దానికి సున్నం, రంగు వేయనివ్వకండి. పేర్లు చెక్కనివ్వకండి. ఫోటో తీసి పురావస్తు శాఖకో, తహసీల్దార్ కార్యాలయానికో తెలియజేయండి. ఆ రాతి మీద ఎవరి పేరుందో మనకు తెలియదు. మన ఊరివాళ్ల ముత్తాతల పేరే కావచ్చు. చదివేవాళ్లు వచ్చేదాకా అది చెరగకుండా ఉండాలి.